పేషెంటు వరహాలమ్మ తాలూకు

అష్టమి, మధ్యాహ్నం

అమ్మా వరహాలమ్మ గారికి కూర్మయ్య నమస్కరించి రాస్తున్నది. నా రాత బాగుండదు, క్షమించాలి. ఐదో తరగతితో బడి మానేశాను. ఒత్తులు ఉండవలసిన చోట ఉండవు, అక్కర్లేని చోట పడతాయి. వేళ్ల మీద ఉప్పు పుండ్లు ఉన్నాయి, అందుకని గీతలు వంకరపోతున్నాయి. తెలియని చోట పక్క మాటను బట్టి చదువుకోండి.

ఇప్పుడు ఎవరూ కాగితం మీద రాయడం లేదని నాకూ తెలుసు. చెవిబిళ్లలో చెబితే క్షణంలో అందుతుంది. కానీ గవ్వలపేట ఆసుపత్రిలో నయమై వెళ్లినవాళ్ల చెవిలోకి ఏ గొంతూ పంపకూడదని రూలు ఉందట. మా ఇంజినీరమ్మ మైథిలి గారు చెప్పారు. మీరు కొండమీది కొత్త కాలనీలో ఉంటున్నారని కూడా ఆవిడే కనుక్కున్నారు. ఒక రకంగా నాకు కాగితమే నయం. ఎదురుగా ఉన్న మనిషితోనే మాట్లాడలేను, చెవిలో ఏం మాట్లాడతాను?

నేను మీకు ఏమీ కాను. ఆసుపత్రివారి ప్రకారం మాత్రం అవుతాను. అది ఎలా జరిగిందో చెప్పి మిమ్మల్ని ఒకటి అడగాలి. ఒక్క ఊపున రాయడం నావల్ల కాదు. అన్నం వేళ కొంచెం కొంచెం రాస్తాను. టపా పడవ వచ్చినప్పుడు ఇస్తాను.

మాది విప్పుడు పని. సముద్రానికి వదిలేసిన ఊళ్లలోకి వెళ్లి, కట్ట తెంచకముందే తలుపులు, ఇనుము, కప్పు మీద ఎండపలకలు విప్పి పడవకెక్కిస్తాం. నేనూ, గురువులు అనే కుర్రవాడూ ఒక పడవ. గురువులు నాకు వరసకు అల్లుడు. నోరున్న మనిషి. నా మాటలు కూడా అతనే మాట్లాడేస్తాడు, నాకు హాయి. వచ్చే అమావాస్య పోటుకు గవ్వలపేట కట్ట తెంచుతారు. ఈలోగా ఆసుపత్రి విప్పాలి.

నిన్న మొదటిసారి లోపలికి వెళ్లాం. పిచ్చాసుపత్రి అని మా వాళ్లు ఎవరూ రామన్నారు. నాకేమీ భయం వెయ్యలేదు. గోడలకు కిందిసగం నీలం రంగు. స్నానాల గదిలో తొట్టెల నిండా పీతలు. గడియలన్నీ తలుపులకు బయటివైపే ఉన్నాయి, లోపల ఒక్కటీ లేదు. వంటశాలలో పెద్ద గుండిగలు బోర్లించి ఉన్నాయి, ఎవరో శుభ్రంగా తోమి మరీ వెళ్లారు. మగ్గాల గదిలో ఒక మగ్గం మీద తువ్వాలు సగం నేసి ఉంది. గురువులు దాన్ని కోసి భుజాన వేసుకున్నాడు. మనిషి లేడు, ఇన్నేళ్లూ ఎవరూ రాలేదు. అయినా కప్పు మీద పలకలు ఎండ తాగుతూనే ఉన్నాయి, అక్కడక్కడ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఎవరి కోసమో తెలియలేదు.

నవమి

ఈవేళ అసలు సంగతి రాస్తాను.

ఆసుపత్రి మధ్యలో బంధువులు కూర్చునే హాలు ఉంది. మీకు గుర్తుండే ఉంటుంది, చెక్క బల్లలు, ఎదురుగా కటకటాలు. అలసిపోయి నేను ఆ బల్ల మీద కూర్చున్నాను. గురువులు కిటికీ ఊచలు కొడుతున్నాడు. అంతలో గోడలోంచి ఆడమనిషి గొంతు వచ్చింది. ఆయాలు పిలుస్తారు చూడండి, విసుగ్గా, సాగదీసి, అలాగ.

"పేషెంటు వరహాలమ్మ తాలూకు ఎవరండీ? వరహాలమ్మ తాలూకు?"

మా ఆవిడ పోయేముందు చాలాకాలం పట్నం ఆసుపత్రిలో ఉంది. నేను వరండాలో పడుకునేవాడిని. అక్కడ తాలూకు అని పిలిస్తే వెంటనే పలకాలి. పలక్కపోతే పక్క పేరుకు వెళ్లిపోతారు, మళ్లీ మధ్యాహ్నం దాకా మన మొహం చూడరు. పేరు సరిగా వినపడకపోయినా ముందు లేచి నిలబడేవాళ్లం అందరమూ. అది ఒంట్లో ఉండిపోయింది. నాకు తెలియకుండానే లేచాను. నా తువ్వాలు భుజం మీంచి తీసి, ఇక్కడే ఉన్నానండీ అన్నాను.

గురువులు సుత్తి దించి నావైపు చూశాడు.

"గోడ పిలిస్తే పలికేత్తావేటి మావా? అలవాటైపోతే రేపు మంచం కోడు కూడా పిలుస్తాది."

నాకు సిగ్గేసింది. కానీ ఆ గొంతు, చెయ్యి ఇక్కడ పెట్టండి అంది. గోడ మీద చెయ్యి ఆకారంలో వెలుతురు పడింది. లేచి పలికాక చెయ్యి పెట్టకపోతే బాగుండదు కదా. పెట్టాను. డిశ్చార్జి రాశాం, మీ మనిషిని జాగ్రత్తగా తీసుకెళ్లండి, వేళకు అన్నం పెట్టండి అంది ఆ గొంతు. కటకటాలు పక్కకు జరిగాయి.

లోపల మనుషులు ఉంటారనుకున్నాను. మంచాలు లేవు. అరల మీద కుండలు వరసగా ఉన్నాయి. బూడిద రంగు, పొత్రం అంత ఉంటుంది ఒక్కొక్కటి, పైన జల్లెడ లాంటి మూత. అన్నీ చల్లగా ఉన్నాయి. ఒక్కదానికే చిన్న నీలం దీపం ఉంది. నేను దగ్గరకు వెళ్లగానే అది మాట్లాడింది.

"ఇంత ఆలీసం సేసినారేటి? మా సెల్లి రాలేదా?"

గురువులు సుత్తి అక్కడే వదిలేసి పడవ దాకా వెళ్లిపోయాడు.

దశమి

అమ్మా, ఆ కుండలో ఉన్నది మీ గొంతు. మీరు మాట్లాడే గొంతు కాదు, మీకు వినపడేది. ఆ రోజుల్లో డాక్టర్లు తలలో వినపడే గొంతును అలా కుండలోకి దించేవారని నేను విన్నాను కానీ, దించింది ఏమవుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు. గోళ్లు కత్తిరిస్తే అవి ఎక్కడికి పోతాయని ఎవరు ఆలోచిస్తారు?

దాన్ని అది అనాలో ఆవిడ అనాలో నాకు తెలియడం లేదు. పేరు అడిగాను. పేరు లేదంది. మీరు తనను అప్పా అని పిలిచేవారట. మిమ్మల్ని సెల్లి అంటుంది. నన్ను బాబూ అంటుంది. మీ గురించి అడుగుతూనే ఉంది. ఎక్కడున్నాది, పెళ్లి చేసుకున్నాదా, పడుకునేముందు గడియ వేసుకుంటున్నాదా అని. నాకు తెలియదు, తెలియదు, తెలియదు అన్నాను. ఏమీ తెలియకుండా తాలూకు ఎలాగయ్యావు అంది.

ఉదయం కుండను ఎత్తుకుని వరండాలో వస్తుంటే ఒక చోట ఆపింది.

"ఆ పక్కన అడుగెయ్యకు బాబూ. కింద డొల్ల."

నాకేమీ కనపడలేదు. గునపంతో పొడిస్తే గచ్చు లోపలికి కూలిపోయింది. కింద నల్లగా నీళ్లు. ఎలా తెలిసిందని అడిగితే, అరలో కూర్చుని ఇన్నాళ్లూ ఆ పక్కనుంచే నీళ్ల చప్పుడు విన్నానంది. అది చెప్పకపోతే నేను ఈ ఉత్తరం రాసేవాడిని కాదు. ఇది మీకు తప్పకుండా తెలియాలి.

ఏకాదశి

మైథిలి గారికి గురువులు మొదటిరోజే చెవిబిళ్లలో చెప్పాడు, ఈవేళ ఆవిడే మరపడవలో వచ్చారు. చదువుకున్న పిల్ల, గర్వం లేదు. నన్ను తాతగారూ అంటుంది. కుండ చూసి మెట్ల మీద కూర్చుండిపోయింది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతవరకు రాస్తాను. అడిగినదానికి జవాబు చెప్పేదాన్ని దేన్నయినా ఊరికే ఆపకూడదని చట్టం ఉందట. ఆపాలంటే తాలూకువాళ్లు వేలిముద్ర వెయ్యాలి. మిగతా కుండలు వాటంతట అవే ఆగిపోయాయి, వాటి బాధ లేదు. దీనికి మాత్రం నేను తాలూకునని రికార్డులో పడిపోయింది. పొరపాటున పలికానని చెప్పాను. పొరపాటు అని తేల్చాలంటే ఆసుపత్రి సూపరింటెండెంటు రావాలట. ఆ ఉద్యోగమే ఇప్పుడు లేదు.

ఎండపలకలు చతుర్దశి నాటికి విప్పెయ్యాలి. ఒకసారి అరలో పెడితే కుండకు రెండు రోజులకు సరిపడా ఎండ అందుతుందట, పలకలు విప్పితే దీపం ఆరిపోతుంది. వేలిముద్ర లేకుండా దీపం ఆరితే చంపిన కేసట. వేస్తే ఏ కేసూ లేదట. నేను వెయ్యనంటే ఆవిడ ఉద్యోగం ఇరుకున పడుతుంది. అయినా నన్ను తొందర పెట్టలేదు.

ఆవిడ గారు ఉన్నారు కదా, వరహాలమ్మ గారు, ఆవిణ్ణి అడగాలి కదా, రాయడం మొదలుపెట్టాను అన్నాను. మైథిలి గారు ఒప్పుకున్నారు. అసలు మనిషిదే మొదటి హక్కట. మీరు మళ్లీ తీసుకుంటానంటే మీ చెవిలోకి ఎక్కిస్తారు, ఆపెయ్యమంటే ఆపేస్తారు. బాగుపడిన మనిషిని ఇది అడగడం కూడా ఒక హింసే తాతగారూ అంది. నాకూ అలాగే ఉంది. అడగకుండా వేలిముద్ర వెయ్యడానికి కూడా చెయ్యి రావడం లేదు.

ఈవేళ నేను అన్నం తినలేదు. గురువులు అడిగితే ఏకాదశి కదా అన్నాను. సేపలు పట్టుకు బతికినోడికి ఏకాదశి ఎప్పటినుంచి మావా అని నవ్వాడు. కారణం రేపు రాస్తాను.

ద్వాదశి

రాత్రి మంచు పట్టడానికి పరిచిన గుడ్డలు పొద్దున్నే పిండాను. తాగే నీళ్లు తక్కువ పడ్డాయి. గురువులు అన్నం వండి, ఎండు నెత్తళ్లు వేయించాడు. నా పళ్లెం నా ముందు పెట్టాడు. కుండ పక్కనే ఉంది.

ఆ అన్నం ముట్టుకోవద్దని అంది. నిన్నా అలాగే అంది. అందులో ఏదో కలిపేశారట. ఎవరు కలిపారని అడిగాను.

"తెల్దు."

"తెలియకుండా ఎలా చెబుతున్నావు?"

"తెల్దు గాబట్టే బయం బాబూ. తెలిస్తే బయమెందుకు?"

గురువులు నా ఎదురుగా అదే గిన్నెలోంచి తింటున్నాడు. వేళ్లు నాకుతున్నాడు. నాకు ఆకలిగా ఉంది. అందులో ఏమీ లేదని తెలుసు. కానీ గచ్చు డొల్ల అన్నప్పుడు కూడా అందులో ఏమీ లేదనే అనుకున్నాను కదా. ముద్ద చేతిలోకి తీసుకుని మళ్లీ పళ్లెంలో పెట్టేశాను.

మీతో కూడా ఇలాగే అన్నదా అని అడిగాను. అన్నానంది. మీరు రోజుల తరబడి తినకుండా, తలుపు దగ్గర కూర్చుని ఏడ్చారట. మీ నాన్నగారు మిమ్మల్ని ఎత్తుకుని ఈ ఆసుపత్రికి తెచ్చారట. అదంతా అది దాచలేదు. సెల్లిని ఏడిపిద్దామని అనలేదు బాబూ, నాకు బయమేసేది, ఏసిందల్లా సెప్పీసేదాన్ని అంది. నిజమే అనిపించింది. మీకు ఎలా అనిపించేదో నాకు తెలియదు.

కొబ్బరికాయ మాత్రం తిననిస్తుంది. లోపలికి ఎవరి చెయ్యీ పోదని దానికి నమ్మకం. కొబ్బరి ముక్కలు తిని, ఆ నీళ్లే తాగి పనిలోకి వెళ్లాను. నిచ్చెన మీద కళ్లు తిరిగాయి.

త్రయోదశి

గురువులుకి తెలిసిపోయింది. నాలుగు అరిచాడు. అతను నా మీద అరవడం ఇదే మొదలు.

"గాలికి పుట్టిన గొంతు కోసం నువ్వు సచ్చిపోతావేటి? ఏలిముద్ర ఏసీ. నానొట్టుకుంటాను నీ సెయ్యి, ఏసీ."

నేను చెయ్యి వెనక్కు పెట్టుకున్నాను. అతను కోపంగా కుండను చంకన పెట్టుకుని, సగం నేసిన ఆ తువ్వాలు దాని మూతికి చుట్టి, తన చెల్లెలి పడవలో దించి వచ్చాడు. ఆ పడవ ఏటి అవతలి ఒడ్డున ఉంది. ఈ పూట అది లేకుండా తిను మావా, రేపటి సంగతి రేపు అన్నాడు. వేడి వేడిగా వండి పెట్టాడు. నా పళ్లెంలోంచే ఒక ముద్ద తాను తిని చూపించాడు.

నేను కలిపి నోటి దాకా తెచ్చాను.

ముట్టుకోకు బాబూ అంది.

అమ్మా, నేను లేచి పడవంతా చూశాను. తెరచాప కింద చూశాను. చెవిబిళ్ల తీసి నీళ్ల బొచ్చెలో పడేశాను. కుండ అవతలి ఒడ్డునే ఉంది. తువ్వాలు కూడా విప్పలేదని గురువులు చెల్లెలు చెప్పింది. అయినా నాకు వినపడింది, అదే గొంతు, అదే మాట. ఇది మీ అప్ప నాలోకి వచ్చిందా, నాదే ఒకటి మొదలైందా, లేక మొదటినుంచీ ఉన్నదే ఇప్పుడు వినపడుతోందా, నాకేమీ అర్థం కావడం లేదు. గురువులుకు చెప్పలేదు. కడుపులో బాగాలేదన్నాను. అతను పళ్లెం మీద మూత పెట్టి, ఏటి ఒడ్డున వీపు తిప్పి కూర్చున్నాడు. మాట్లాడకుండా ఉంటే అతను వేరే మనిషిలా కనపడ్డాడు.

ఇప్పుడు వేలిముద్ర వేస్తే కుండలోది ఆగిపోతుంది. నాలోది ఆగుతుందో లేదో ఎవరు చెబుతారు? దాన్ని ఆపేసి, ఇది మిగిలితే, గచ్చు డొల్ల అని చెప్పిన మనిషిని ఊరికే చంపినవాడిని అవుతాను. ఆపకపోతే ఇలాగే కొబ్బరి తిని ఎన్నాళ్లు ఉంటాను?

చతుర్దశి

పలకలు విప్పేశాం. పైకెక్కి విప్పవద్దని గురువులు అన్నాడు, కింద ఉండి అందుకున్నాను. హాలులో దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. గోడలోని ఆయా గొంతు ఏదో పేరు పిలవబోయి మధ్యలో ఆగింది.

కుండ ఇప్పుడు నా పడవలోనే ఉంది. గురువులే తిరిగి తెచ్చి ఇచ్చాడు, నా మొహం చూడకుండా. మైథిలి గారు ఒక పలక ముక్క నా పడవకు తగిలించి వెళ్లారు. ఆ ముక్క సంగతి లెక్కల్లో ఎక్కడా రాయలేదు. మీ జవాబు వచ్చేదాకా మాత్రమే, ఆ తరువాత తన చేతిలో లేదు అన్నారు. పోటు రేపు. గవ్వలపేట రేపు ఉండదు.

మీకు రాస్తున్నానని దానితో చెప్పాను. మీరు ఒప్పుకుంటే మీ దగ్గరకు వెళుతుందని, వద్దంటే ఆగిపోతుందని కూడా చెప్పాను. దాచడం నాకు చేతకాదు. ఏమైనా రాయమంటావా అని అడిగాను. ఎప్పుడూ వెంటనే మాట్లాడేది కదా. పోయిందేమో అని దీపం చూశాను.

"నానేటీ అననని రాయి బాబూ. ఓ మూల కూకుంటాను. అది ఏటి తిన్నా, ఎక్కడికెల్లినా, ఏటీ అనను."

అది చెప్పినట్టే రాశాను. కానీ మీకు అబద్ధం రాయలేను. ఆ మాట అన్న కాసేపటికి గురువులు పళ్లెం తెచ్చి పెట్టాడు. మళ్లీ ముట్టుకోకు అని వినపడింది. కుండలోంచా, నాలోంచా, చెప్పలేను.

అందుకని మీరు మూడు సంగతులు రాయాలి. దాన్ని తీసుకుంటారా, మానేస్తారా అన్నది ఒకటి. మీ ఇష్టం, ఏది రాసినా నేను తప్పు పట్టను, దానికి కూడా నేనే చెప్పుకుంటాను. రెండోది, వాళ్లు దించేశాక మీకు వినపడటం నిజంగా మానేసిందా? ఇది ఎవరికీ చెప్పను. మూడోది, మానకపోయి ఉంటే, ఇన్నేళ్లూ అన్నం ఎలా తింటున్నారు? ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు ఎటు చూస్తారు, ఏమనుకుంటారు? చిన్న సంగతే అనుకోకుండా వివరంగా రాయండి.

టపా పడవ ఒడ్డున ఉంది. గురువులు కేక వేస్తున్నాడు. పళ్లెం నా ముందే ఉంది, అన్నం చల్లారుతోంది. అమ్మా, త్వరగా జవాబు రాయండి.

ఇట్లు
కూర్మయ్య